ఫిరంగుల మోత

మా అల్లాదుర్గము బడిలో ఒకనాడు తొమ్మిదవ తరగతి పిల్లలకు ఆంగ్లమునుండి తెలుగునకు మార్చుటకై ఒక చిన్న ఖండిక నిచ్చితిమి. శత్రువులు ఒక కోటను చుట్టుముట్టి మూడు దినములు ఎడతెగక ఫిరంగులు కాల్చిరని అందున్నది. ఆంగ్లమున ఆ పనికంతకును 'క్యాననేడ్' అను నొక్క మాట చాలినది. ఒక బాలుడు దానిని "కోటమీద మూడు దినములు గుండ్ల వర్షము కురిసెను" అని తెలిగించెను. పలుకుబడి చక్కగా నున్నదని మేము సరి గుర్తు పెట్టి, తరగతికి చదివి వినిపించితిమి. అంతట వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, "సార్, వాన పడితె మంచిదే గద సార్? కోటోళ్లకు గంత బాధెందుకు?" అని యడిగెను. తరగతియంతయు గొల్లున నవ్వినది. మేమును నవ్వితిమి.

ఇల్లు చేరునప్పటికి ఆ నవ్వు మాలో మిగులలేదు. ఆ పిల్లది సేద్యగాండ్ర ఇంటి బిడ్డ. మృగశిర కార్తె వచ్చినది మొదలు ఆ యింట పెద్దలు ఆకాశమువంక చూచుచుందురు. ఆ బిడ్డకు వర్షమన విత్తనము, చెరువు, అన్నము. మనుష్యులను చంపు పనికి ఆ మాట ఎట్లు సరిపడునని ఆమెకు తోచుట సహజమే. ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న మాకు అది తోచకపోవుటయే వింత. కావున ఎడతెగని ఫిరంగి కాల్పులకు తెలుగువారు ఏమని పేరు పెట్టిరో, ఆ పేరు ఎక్కడనుండి వచ్చినదో, అది చెప్పవలసినది చెప్పుచున్నదో లేదో కొంత విచారింప సంకల్పించితిమి.

ఆయుధముల పేర్లకు మన భాషలో కొదువ లేదు. కాని అందు పెక్కు అతిథులై వచ్చి ఇంటివారైనవే. 'ఫిరంగి' యన్న మాట ఐరోపాలోని ఫ్రాంకుల పేరు. పారసీకులు పడమటి క్రైస్తవులనందరిని 'ఫరంగ్' జనులనిరి. ఉత్తరహిందూస్థానమున నేటికిని ఫిరంగి యనగా తెల్లదేశపువాడు. మనకు మాత్రము గుండ్లు విసరు గొట్టము. తెచ్చినవాని పేరే తెచ్చిన వస్తువునకు అంటుకొన్నది. రాయలసీమలో బొప్పాయిని పరంగికాయ యనుటయు, 16వ శతాబ్దమున భావమిశ్రుడు తన వైద్యగ్రంథమున ఒక క్రొత్త రోగమును ఫిరంగరోగమనుటయు ఇట్టివే. పండును వారిదే, పుండును వారిదే, ఫిరంగియు వారిదే యనుకొన్నారు మనవారు. 'తోపు' తురుష్క భాషనుండి పారసీకముమీదుగా వచ్చినది. మామిడితోపునకును దీనికిని చుట్టరికము లేదు. మా బడి పిల్లలిప్పుడు మిక్కిలి గట్టివానిని "వాడు తోపు" అనుచున్నారు. అది ఏ తోపో వారే చెప్పవలయును. 'తుపాకి'యు తురకమాటయే. ఒంటెమూపున బిగించి కాల్చు చిన్న ఫిరంగికి 'జంబురక' మని పేరు. 'జంబూర్' అనగా పారసీకమున కందిరీగ. గుండు వేయువాడు గోలందాజు. ఇన్నిటి నడుమ 'మందు' ఒక్కటి మాత్రము అచ్చముగా మనది. రోగము మాన్పునదియు, గుండును తోలునదియు, నేటి వాడుకలో ఇల్లు గుల్ల చేయునదియు అన్నియు ఆ యొక్క మాటలోనే యిమిడినవి.

సంస్కృతమభ్యసించినవారు వెంటనే 'శతఘ్ని'ని ముందునకు తెత్తురు. వృత్తపత్రికలును ఆకాశవాణియు ఆ మాటను ఫిరంగికి స్థిరపరచినవి. నూర్గురను చంపునదని దాని యర్థము. కాని రామాయణభారతములలోని శతఘ్ని మందుతో పేలునది కాదు. ఇనుపముండ్లు దిగగొట్టిన దుంగ యనియో, బండ యనియో, కోటమీదినుండి దొర్లించునదనియో ప్రాచీన వ్యాఖ్యాతలు చెప్పిరి. ఆ మాటను చూపి మన పూర్వులకు ఫిరంగులుండెనని వాదించు మిత్రులు మాకు కలరు. వారిమీద మాకు ప్రేమయే కాని, పాత సీసాకు క్రొత్త చీటి యంటించినంతమాత్రమున లోపలి ద్రవ్యము మారదు.

ఇక వస్తువును విడిచి పనికి రండు. ఆంగ్లేయుల మాటకు మూలము 'కన్నా', రెల్లుగొట్టమని యర్థము. దానినుండి ఫిరంగికి పేరు, ఫిరంగినుండి ఎడతెగని కాల్పులకు పేరు పుట్టినవి. మనము ఫిరంగినుండి అట్టి మాటను పుట్టింపలేదు. మన కున్నవి రెండే. ఒకటి 'మోత', రెండవది 'వర్షము'. ఫిరంగుల మోత యన్నవాడు విన్నవాడు. వాని చెవి సాక్ష్యము చెప్పుచున్నది. గుండ్ల వర్షమన్నవాడు మాత్రము తరచుగా చూచినవాడును కాడు, విన్నవాడును కాడు; కావ్యము చదివినవాడు. శరవర్షము, బాణపరంపర అని మన కవులు వేయియేండ్లు వ్రాసిరి. విల్లు పోయి ఫిరంగి వచ్చినను అలంకారము మాత్రము పోలేదు. శరవర్షమున ఒక న్యాయము కలదు. బాణము వేయు వీరుని పేరు తెలియును, ఎదుటి వీరుడు దానిని నడుమనే ఖండించును. ఫిరంగిగుండును ఎవడు ఖండించును? దానిని వేసినవాని మొగమును ఎవడు చూచును?

'ఎడతెగని' యన్న విశేషణము ఎంత కష్టసాధ్యమో కూడ ఇచ్చట చెప్పవలయును. పాతకాలపు ఫిరంగిని మూతినుండియే నింపవలయును. ఒకసారి కాల్చిన పిమ్మట గొట్టములో రవ్వ మిగులకుండ తడిగుడ్డ చుట్టిన కర్రతో తుడువవలయును; మిగిలెనా, క్రొత్తగా పోసిన మందు గోలందాజు చేతిలోనే అంటుకొనును. తరువాత మందు, దానిపై గుండు, పొడవైన కర్రతో కూరుట, చెవిలో పొడిమందు, అటుపిమ్మట నిప్పు. కాల్పు వెనుక కాల్పు జరిగినకొలది గొట్టము కాలిపోవును. అది చల్లారువరకు వేచియుండవలయును. కావున ఒక ఫిరంగితో ఎడతెగని మోత పుట్టదు. పెక్కు ఫిరంగులు వరుసదీరి, ఒకదాని వెనుక నొకటి పలుకవలయును.

1520లో రాయచూరువద్ద ఈ సంగతి శ్రీకృష్ణదేవరాయల కక్కరకు వచ్చినది. పోర్చుగీసువాడగు నూనిజ్ వ్రాసినదానినిబట్టి ఆదిల్ షాహి సైన్యము తన ఫిరంగులనన్నిటిని ఒక్కమారే కాల్చెను. రాయల ముందువరుసలు చెదరినవి. కాని మరల నింపుటకు వ్యవధి కావలయును గదా! ఆ నడుమ రాయలు తన సేనను తిరిగి నిలిపి మీదబడి గెలిచెను. 1565లో రాక్షసి-తంగడి యుద్ధమున దక్కను సుల్తానుల పక్షము అట్టి పొరపాటు చేయలేదు. అహమ్మదునగరపు రూమీఖాను 600 ఫిరంగులను పెద్దవి, నడిమివి, చిన్నవి యని మూడు బారులుగా నిలిపి, ఒకదానికొకటి గొలుసులతో బిగించెనని ఫెరిస్తా చరిత్ర చెప్పుచున్నది. విజయనగరపు దండు దగ్గరకు వచ్చినపుడు గుండ్లకు మారుగా రాగిడబ్బుల సంచులు గొట్టములలో కూరి కాల్చిరట. ఉప్పు పప్పు కొనుకొను డబ్బులు మనుష్యుల శరీరములలో దిగినవి. ఈ సంగతి చదివిన పిదప దానిని ఏ వర్షమనవలయునో మాకు తోచలేదు.

ఎడతెగని మోతను తెలుగునేల దీర్ఘకాలము విన్నది మాత్రము 1687లో, గోలకొండవద్ద. అంతకు ముందే 1656లో ఔరంగజేబు, తండ్రి షాజహాను ప్రతినిధిగా దక్కనులో నున్నపుడు, ఒకసారి ఆ కోటను ముట్టడించి సంధితో మరలిపోయెను. ఆ ముట్టడిలో మీర్ మీరానను మొగలు సర్దారు కోటనుండి వచ్చిన ఫిరంగిగుండు తగిలి చనిపోయెను. అటుపిమ్మట అబ్దుల్లా కుతుబ్ షా పాలనలో మూసాఖాను ఆ చోటనే క్రొత్త బురుజు కట్టించెను. మూసా బురుజని దానికి పేరు. మీర్ మీరాను మరణవార్తయు అందలి శాసనమున చెక్కబడియున్నది. ఒక గుండు వలన ఒక మనుష్యుడు చచ్చెనని రాతిపై వ్రాయుట మాకు ఆశ్చర్యముగా తోచినది. సర్దారు గనుక అతనికి రాయి దొరకినది.

1687 సంవత్సరారంభమున ఔరంగజేబు చక్రవర్తియై తిరిగి వచ్చెను. అక్కన్నమాదన్నలు అంతకు ముందటి యేడే హతులైరి. కోటలో అబుల్ హసన్ తానాషా. ముట్టడి పని గాజీయుద్దీన్ ఫిరోజుజంగునకు అప్పగింపబడెను. ఆరంభముననే అతని తండ్రి కులీచ్‌ఖానునకు కోటనుండి వచ్చిన జంబురకపు గుండు తగిలి భుజము తెగిపోయెను. వైద్యులు ఎముకముక్కలు ఏరుచుండగా ఆయన రెండవ చేత కాఫీ త్రాగుచు మాటలాడెనని చెప్పుదురు. మూడవ దినమో నాలుగవ దినమో ప్రాణము విడిచెను. ఆయన సమాధి హిమాయతుసాగరు సమీపమున నున్నది. తరువాత హైదరాబాదు నేలిన అసఫ్‌జాహీల మూలపురుషుడగు నిజామ్-ఉల్-ముల్కు ఈయన మనుమడే. తాతను కోట ఫిరంగి కొట్టినది. ఆ కోట కాలక్రమమున మనుమని వంశమునకే దక్కినది.

మోర్చాలు త్రవ్వబడినవి. కందకము పూడ్చుటకు మట్టి నింపు సంచులలో మొదటిదానిని చక్రవర్తి వుజూ చేసికొని తన చేతులతోనే కుట్టెనట. పెద్ద ఫిరంగులను ఎత్తైన దిబ్బలపైకి ఎక్కించిరి. కోటలోనివారికిని మందుగుండునకు కొదువ లేదు. బురుజులనుండి రేయింబవళ్లు కాల్పులు ఆగలేదని మొగలు చరిత్రకారులే వ్రాసిరి. దాదాపు ఎనిమిది నెలలు ఇట్లు జరిగినది. గోడలు పగులుటయు, తెల్లవారునప్పటికి లోనివారు వాటిని పూడ్చుటయు. మొగలులు గోడలక్రింద సొరంగములు త్రవ్వి మందు నింపిరి. లోనివారు ఎదురు త్రవ్వి కొంత మందును తోడివేసి, కొంత నీటితో తడిపిరి. నిప్పంటించినపుడు ఆ ప్రేలుడు వెనుకకు తన్ని మొగలు సైనికులనే వందలకొలది చంపినది.

ఇంతలో నిజమైన వర్షము వచ్చినది. ఆ యేడు వానలు మిక్కుటములు. మా సీమలో పారు మంజీర పొంగి ఉత్తరమునుండి వచ్చు ధాన్యపు బండ్ల దారి మూసివేసెను. మొగలు శిబిరమున కరవు పుట్టినది, కరవు వెంట రోగములు. మోర్చాలు నీట మునిగినవి, దిబ్బలు జారినవి, తడిసిన మందు అంటుకొనలేదు. వాన కురియుచున్న ఒక రాత్రి కోటవారు వెలువడి మొగలు మోర్చాలమీద బడి, ఫిరంగులను పాడుచేసి, కొందరు సర్దారులను పట్టుకొనిపోయిరి. తానాషా వారికి విందుచేసి, ధాన్యపు కొట్లు చూపించి, మర్యాదతో తిరిగి పంపెనని కథనము. చదువరులారా, ఆ యేట గోలకొండ చుట్టును రెండు విధములైన వర్షములు కురిసినవని కవి యెవడైన వ్రాసియుండిన వ్రాయుగాక. నిజమున కురిసినది ఒక్కటే. అది ఏ పక్షపు ఆజ్ఞకును లోబడక, ఫిరంగుల మోతను కొంతకాలమైనను మాన్పించినది. రెండవదానిని మనుష్యులు చేసిరి. ఒకరు ఆజ్ఞాపించిరి, ఒకరు మందు కూరిరి, ఒకరు నిప్పంటించిరి.

కోట ఎట్లు పడిపోయినదో అందరెరిగినదే. ఎనిమిది నెలల ఫిరంగులు తెరువలేని తలుపును సెప్టెంబరు మాసమున ఒక రాత్రి లంచము తెరచినది. అబ్దుల్లాఖాన్ పన్ని యను సర్దారు దిడ్డితలుపు గడియ తీసెను. అబ్దుర్రజాక్ లారీ యొక్కడు డెబ్బదింటికి పైగా గాయములతో పోరాడి కూలెను, తరువాత బ్రతికెను. తానాషాను దౌలతాబాదునకు తీసికొనిపోయిరి, అతడక్కడనే మరణించెను. గెలుపునకు గుర్తుగా ఒక ద్వారమునకు ఫతే దర్వాజా యని పేరు. ఆ గోడలమీద నేటికిని పెద్ద ఫిరంగులున్నవి. ఒకదాని పేరు ఫతే రహ్బర్, విజయమునకు దారి చూపునదని యర్థము. ఆ మోతను ఎనిమిది నెలలు విన్న చుట్టుప్రక్కల పల్లెలవారు ఏమనుకొనిరో ఏ చరిత్రయు చెప్పదు. పంటలు పండక, ఊళ్లు పాడుపడి, శవములు తీయు దిక్కు లేకపోయెనని మాత్రము ఆ కాలపువారు వ్రాసిరి.

బొబ్బిలిలో ఇంత దీర్ఘకాలము లేదు. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు తెల్లవారినది మొదలు మట్టికోట బురుజులను కొట్టినవి. ఒక్క పగటిలో అంతయు ముగిసినది. కాని కోటలోని స్త్రీలు, పిల్లలు తమవారి చేతులలోనే మరణించిన ఆ పగలును జంగము కథకులు తరతరములు పాడుచు వచ్చిరి. వినువారు ఏడ్చిరి. గోలకొండ ఎనిమిది నెలలకు ఆ యేడుపు దక్కలేదు. పాట పుట్టినచోట మోత జ్ఞాపకముగా నిలుచును, పుట్టనిచోట గోడమీది ఇనుపగొట్టముగా మాత్రమే నిలుచును.

మనమెప్పుడును గుండ్ల క్రిందనే యుంటిమని అనుకొనుటయు సరికాదు. రాయలకు ఫిరంగులుండెను, కుతుబ్ షాహీల గోలందాజులలో ఈ నేలవారు లేకపోలేదు. హైదరాబాదులో నిజాం అలీఖాను కొలువున రేమండ్ అను ఫ్రెంచివాడు 1795లో ఫిరంగులు పోతపోయు కర్మాగారమును పెట్టెను. అది తోప్ కా సాంచా. నేడు ఆ పేటకు గన్‌ఫౌండ్రీ యని పేరు. ఆయనను హిందువులు మూసారాముడనియు, ముసల్మానులు మూసా రహీమనియు పిలిచిరి. మూసారాంబాగు ఆయన పేరనే వెలసినది. మనుష్యులను కూల్చు గొట్టములు పోతపోసినవానికి రాముని పేరు పెట్టుకొన్న ఉదార జనము మనది. మా పాత మెదకు జిల్లాలోనే ఎద్దుమైలారమున 1984నుండి యుద్ధశకటముల కర్మాగారము నడచుచున్నది. అందు పనిచేయువారి బిడ్డలు మాకు శిష్యులుగా ఉండిరి. వారు తండ్రుల పనిని గర్వముతో చెప్పుదురు, చెప్పవలసినదే.

ఇక 'బ్యారేజి' యను మాటను చూడుడు. తెలుగు గృహస్థునకు బ్యారేజి యనగా ఏటికి అడ్డముగా తలుపులతో కట్టిన కట్ట. 1957లో పూర్తియైన విజయవాడ ప్రకాశం బ్యారేజి పేరు వినని యిల్లు లేదు. మాటకు మూలము ఫ్రెంచిలో 'అడ్డుకట్టుట'. 1914లో మొదలైన మహాయుద్ధమున ఫ్రెంచివారు ఈ నీటిపని మాటనే ఫిరంగిపనికి తీసికొనిరి. శత్రువు ముందునకు రాకుండ ఒక గీత పొడవునను గుండ్లు పడవేసి నేలకు అడ్డుగోడ పెట్టుట బ్యారేజి. తరువాత ఆ గోడను నిమిషములు లెక్కించి ముందునకు జరుపుచు, దాని వెనుక సిపాయిలను నడిపించిరి. ఇది గోలందాజు మాటయు కాదు, విన్నవాని మాటయు కాదు; దూరముగా కూర్చుండి పటముమీద గీత గీచినవాని మాట. గీతకు నొప్పి లేదు. ఆంగ్లేయుల 'బొంబార్డుమెంటు' మాత్రము మన మోతవంటిదే. గ్రీకున 'బోంబోస్' అనగా గుంయ్‌మను ధ్వని. ఆదిలో అన్ని జాతులవారును చెవితోనే పేరు పెట్టిరి. పటములు తరువాత వచ్చినవి.

1916 జూన్ 24 మొదలు ఏడు దినములు ఫ్రాన్సులోని సోమ్ నదివద్ద ఆంగ్లేయులు 15 లక్షలకు పైగా గుండ్లు కాల్చిరి. ముండ్లతీగలు తెగిపోవుననియు, ఎదుటివారు బ్రతికియుండరనియు సేనాపతులు నమ్మిరి. జులై 1వ తేదీన సిపాయిలు లేచి నడచిరి. తీగలు పెక్కుచోట్ల తెగలేదు, లోతైన గోతులలో దాగిన జర్మనులు బయటికి వచ్చి మరఫిరంగులు పట్టిరి. ఆ యొక్క దినముననే ఆంగ్లేయ పక్షమున 57 వేలమందికి పైగా కూలిరి. అందు 19 వేలకు పైగా మరణించిరి. గోలకొండ గోడవలెనే నేలయు అంత మోతను సహించి నిలిచినది. సహింపలేకపోయినది మనుష్యుల మనస్సు. ఒంటిమీద గాయము లేకయే మాట పడిపోయినవారు, చేతులు వణకువారు, నిద్రలేనివారు వేలకొలది ఆసుపత్రులకు చేరిరి. 'షెల్ షాక్' అని ఆ రోగమునకు 1915లోనే వైద్యపత్రికలో పేరు పడినది. గుండు తగులనక్కరలేదు, మోతయే చాలునని అప్పటికి శాస్త్రమొప్పుకొన్నది.

మోతకు మర్యాద కూడ ఒకటి కలదు. గుండు లేకుండ మందు మాత్రము కూరి కాల్చు సలాము తోపులు. ఆంగ్లేయ ప్రభుత్వకాలమున 21 తోపుల మర్యాద గల సంస్థానములు అయిదే, అందు హైదరాబాదొకటి. నిజాము రాకకు 21 మోతలు. ఆ మోతకు పిల్లలు చప్పట్లు కొట్టియుందురు.

ఆ సంస్థానము 1948లో ముగిసినది. సెప్టెంబరు 13వ తేదీన భారతసేన నాలుగు దిక్కులనుండియు ప్రవేశించెను. ముఖ్యమగు దండు జనరల్ చౌధురి నాయకత్వమున షోలాపురమునుండి నల్‌దుర్గ్, హుమనాబాదుల మీదుగా 16వ తేదీన జహీరాబాదునకు వచ్చెను. మా అల్లాదుర్గమునకు అది దూరదేశము కాదు. ఆ దండులో ట్యాంకులుండెను, ఫిరంగులుండెను. దారిలో ఎదిరించిన రజాకార్లమీద ఆ ఫిరంగులు పలికినవి. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ఈ అయిదు దినములకు చరిత్రలో నిలిచిన పేరు 'పోలీసు చర్య'. లాఠీలతో జరిగినట్లు ధ్వనించును. రజాకార్ల దౌర్జన్యమునుండి విడుదలయైనవారికి ఆ దినము పండుగ. ఆ వెనువెంట జరిగిన ప్రతీకారములలో తమవారిని పోగొట్టుకొన్న ముసల్మాను కుటుంబములకు అది చీకటి. రెండు పక్షములవారును కండ్లతో చూచినది సైన్యమును. పోలీసు అన్న మాటను రాజ్యతంత్రజ్ఞులు ప్రపంచమునకు చెప్పుటకై ఎన్నుకొనిరి. మనము దానిని పాఠ్యపుస్తకములలో ఎక్కించుకొని డెబ్బది యేండ్లుగా అప్పగింతలు పెట్టించుచున్నాము. ఇందు మేమును దోషులమే. మా చేతనే ఎన్నిమారులో నల్లబల్లపై ఆ మాట వ్రాయబడినది.

మాటలను మార్చిన యుద్ధములు ఆగునని మేము చెప్పుట లేదు. అంత వెఱ్ఱి మాకు లేదు. కాని 2022నుండి ఉక్రెయిను యుద్ధవార్తలు ప్రతియింటికిని వచ్చినవి. ఉదయము కాఫీ త్రాగుచు పత్రిక విప్పిన తల్లి "నగరముపై బాంబుల వర్షము" అని చదువును. ప్రక్కననే "కోస్తాకు భారీ వర్షసూచన" అని యుండును. రెండును ఆకాశమునుండి దిగినట్లే, రెండింటికిని కర్త లేనట్లే యుండును. తెలుగు వాక్యమున కర్తను దాచుట సులభము. వర్షమన్న మాట ఆ పనిని ఇంకను సులభము చేయును. కురిసినది వర్షము, ఎవరు కురిపించిరని యెవరడుగుదురు? 'కాల్పులు' అన్నచో కాల్చినవాడెవడని వెంటనే ప్రశ్న పుట్టును. చుట్టకును రొట్టెకును వాడు ఆ చిన్న క్రియ ఇచ్చట శతఘ్నీప్రయోగము కంటె నిజాయతీ గలది. విన్నవాడు వ్రాయునపుడు మోత యనవచ్చును. విననివాడు, మేమును మా శిష్యులును వంటివాడు, 'ఎడతెగక ఫిరంగులు కాల్చిరి' అనుట మేలని మా నిశ్చయము. నాలుగక్షరములు పెరిగినను బాధ లేదు.

ఈ వ్యాసము తలపెట్టిన వారమునందే పిల్లలను మెదకు కోటకు తీసికొనిపోయితిమి. కొండపైన 17వ శతాబ్దపు ఫిరంగి యొకటి కలదు. పొడవు మూడు మీటరులకు పైగా నుండును. ఎండకు కాగి ముట్టరాకుండ నున్నది. బాలురు దానిపైకెక్కి ఫొటోలు దిగిరి. వర్షమును గూర్చి యడిగిన బాలిక మాత్రము మూతివద్ద వంగి లోనికి చూచి, చేయి ఎంతవరకు పోవునో కొలిచి, "దీంట్ల మందు కూరెటోడు కూడ మనూరోడే అయ్యుంటడు గద సార్?" అనెను. అయియుండవచ్చునంటిమి.

మరునాడు ఆ ఖండికను మరల వ్రాయుడని పుస్తకములిచ్చితిమి. వర్షము వ్రాసిన బాలుడు ఈసారి ఇట్లు వ్రాసెను: "శత్రువులు మూడు దినములు ఆపకుండ ఫిరంగులు కాల్చిరి. గోడ పడిపోయెను. లోపల ఎంతమంది చచ్చిరో పుస్తకములో లేదు." చివరి వాక్యము ఆంగ్లమూలమున లేనిది. అనువాదమున మూలమునకు చేర్చరాదని నియమము. మేము ఎఱ్ఱసిరా కలము పట్టుకొని కొంత తడవు కూర్చుంటిమి. తరువాత ఆ వాక్యమును కొట్టివేయక, పూర్తి మార్కులు వేసితిమి.